నలభై రోజుల హాజరు

తరగతిలో అందరికీ హాజరు సున్నా శాతం, ఒక్క అమ్మాయికి మాత్రం నూరు. ఒక కాలేజీ కోసం నేను రాసిన మొదటి రిపోర్టులో వచ్చిన అంకెలివి. 40 రోజుల్లో 37 రోజులు వచ్చిన అబ్బాయికీ సున్నాయే.

క్వెరీలో ఉన్నది చిన్న లెక్క: 37 / 40 * 100. పోస్ట్‌గ్రెస్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది, దశాంశాలు రాలిపోతాయి. భాగహారం, గుణకారం సమాన హోదా గలవి కనుక ఎడమ నుంచి వరసగా జరుగుతాయి. ముందు 37 / 40 సున్నా అయింది, దాన్ని ఎంతతో హెచ్చవేసినా సున్నాయే. ఏ రోజూ మానని అమ్మాయి ఒక్కతే గట్టెక్కింది. మైఎస్‌క్యూఎల్‌లో అదే భాగహారం 0.9250 ఇస్తుంది. నేను క్వెరీలు రాయడం నేర్చుకున్నది అక్కడే.

టైపు మార్చాలని తెలిశాక కూడా తప్పు చోట మార్చాను: (37 / 40)::న్యూమరిక్ * 100. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. భాగహారంలో పోయిన భిన్నం ఆ తర్వాత ఎన్ని కాస్టులు (టైపు మార్పులు) చేసినా తిరిగి రాదు. 37::న్యూమరిక్ / 40 * 100 అని రాశాక 92.5 వచ్చింది. ఆ జంట కోలన్లు లెక్క గుర్తులన్నిటికంటే ముందే తమ పక్కనున్న అంకెను పట్టేసుకుంటాయి.

ఆ పట్టే ఇంకోచోట ఇరకాటంలో పెడుతుంది. స్మాల్‌ఇంట్ అనే పూర్ణాంక టైపులో -32768 నుంచి 32767 దాకా పడతాయి. అయినా -32768::స్మాల్‌ఇంట్ అంటే పరిధి దాటిందని ఎర్రర్. మైనస్ కంటే కాస్టుదే ముందు వంతు. ఆ క్షణాన దాని చేతిలో ఉన్నది ఉత్త 32768. మైనస్‌తో కలిపి (-32768) అని బ్రాకెట్లో పెడితే మారుమాట లేకుండా తీసుకుంటుంది.

నాకు అసలు భయం ఎర్రర్ రాని తప్పులంటేనే. ‘ఎ సెక్షన్ లేదా బి సెక్షన్, ఫీజు బాకీ ఉన్నవాళ్లు’ అని నోటితో అంటే షరతు రెండు సెక్షన్లకీ అని వినేవాళ్లకు తెలుస్తుంది. క్వెరీలో ఆర్ కంటే ఆండ్‌కి బిగువు ఎక్కువ. అదే వరసలో రాస్తే బాకీ షరతు బి సెక్షన్‌కే తగులుతుంది, ఎ సెక్షన్ మొత్తం వచ్చేస్తుంది. అది డిలీట్ క్వెరీ అయితే ఎ సెక్షన్ అంతా పోతుంది. అందుకే మా టీమ్‌లో ఎవరైనా అక్కర్లేని బ్రాకెట్ పెట్టినా నేను తీయనివ్వను.

రిపోర్టు మళ్లీ నడిపినప్పుడు ప్రతి పేరు పక్కనా శాతం మారింది. ఆ అమ్మాయి నూరు మాత్రం అలాగే ఉంది.