లెక్క చూపని మొత్తం

రాయలసీమ కథకు లెక్కలు బాగా తెలుసు. వేరుశనగ విత్తనకాయల ధర, మందుల అంగడి అప్పు, ఎన్ని అడుగులు వేసినా నీళ్ళు పడని బోరు, నూటికి ఎంత వడ్డీ - అన్నీ అందులో ఉంటాయి. పంట పోయిందని చెప్పి ఊరుకోదు. పంటతోపాటు ఏమేం పోయాయో చెబుతుంది. కడప జిల్లా నుంచి కేతు విశ్వనాథరెడ్డి, అనంతపురం నుంచి సింగమనేని నారాయణ వంటివారు మనకిచ్చిన ఆస్తి ఈ చూపు. అయితే సీమ కథ మీద పరిశోధన చేసినదాన్ని కనుక నన్ను ఒక ప్రశ్న వేధిస్తూ ఉంటుంది. మగవాడు జైలుకు పోయినప్పుడు ఆ ఇంటి లెక్క ఎందుకు ఆగిపోతుంది?

ఫ్యాక్షన్ మీద వచ్చిన రచనల్లో, మరీ ముఖ్యంగా సినిమాల్లో, జైలు మగవాళ్ళ పౌరుషానికి సంబంధించిన చోటు. లోపలికి పోయినవాడికి పేరుంటుంది, పగ ఉంటుంది, తిరిగిరావడం ఉంటుంది. బయట ఉన్న ఆడమనిషికి ఎదురుచూపు మాత్రం మిగులుతుంది. ఎదురుచూపు అనే ఆ అందమైన మాట కింద ఎంత చాకిరీ ఉంది! వకీలు ఫీజుకు కమ్మలు తాకట్టు పెట్టడం, వాయిదా రోజున కూలి మానుకుని కోర్టుకు పోవడం, కర్నూలు నుంచి కడప జైలుకు ములాఖత్‌కు పోవడానికి బస్సు ఛార్జీలు వెతుక్కోవడం, ఉన్న ఎకరా బీడు పడకుండా చూసుకోవడం, ‘ఆ కేసు వాళ్ళ’ పిల్లకు సంబంధం కుదర్చడం. లోపలున్న మనిషి ఆ నేరం చేయలేదని చివరికి కోర్టే చెప్తే, ఈ ఏళ్ళకు బాధ్యులెవరు?

చట్టం ఏం జవాబిస్తుందో చూడటానికి సీమ దాటి విజయవాడ దాకా పోవాలి. తెలుగునాట అందరికీ తెలిసిన ఉదాహరణ అక్కడుంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో విద్యార్థిని ఆయేషా మీరా హత్యకు గురైంది. 2008 ఆగస్టులో పోలీసులు సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేస్తూ, లక్ష రూపాయలు ఇవ్వమని ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఆ లక్షను ఎనిమిదేళ్ళ ఏడు నెలలకు పంచితే రోజుకు 32 రూపాయలు కూడా రాదు. ఆ ఏడాది మన రాష్ట్రంలో కరువు పనికి రోజు కూలి 197 రూపాయలు. తప్పు తప్పేనని హైకోర్టు చెప్పడం చిన్న విషయం కాదు. కానీ ఆ లక్షలో కూలి ఎంత, వయసు ఎంత, అవమానం ఎంత, కొడుకు కోసం తిరిగిన తల్లి రోజులు ఎన్ని? మొత్తం ఉంది, లెక్క లేదు. సీమ కథకుడెవరూ పంట నష్టాన్ని ఇంత పొడిగా రాయడు.

ఇలాంటి కేసులో నిందితుడి పక్షాన మాట్లాడటమా అని స్త్రీవాదులుగా మనకు సంకోచం కలగొచ్చు. ఆయేషా తల్లిదండ్రులకు ఆ సంకోచం లేదు. తమ బిడ్డను చంపింది సత్యంబాబు కాదని వాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. దొరికినవాణ్ణి దోషిని చేయడం అతని తల్లికి ఎంత అన్యాయమో, బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ అంతే అన్యాయం. వీళ్ళిద్దరినీ ఎదురెదురు పక్షాల్లో నిలబెట్టి చూడటం పోలీసు ఫైలుకు అవసరం కావచ్చు, మనకు కాదు.

సీమలోనే మరో ఉదాహరణ ఉంది. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురయ్యారు. ఆ కేసులో వందలమంది తమిళనాడు కూలీలను నిందితులుగా చేర్చారు. 2016లో తిరుపతి కోర్టు కేసు కొట్టేసింది. వాళ్ళకు శిక్ష పడలేదు కనుక ‘తప్పుడు శిక్ష’ అనే మాట కూడా వర్తించదు. విచారణ ఖైదీగా గడిపిన కాలం ఎవరి ఖాతాలోకీ రాదు.

నిర్దోషికి పరిహారం హక్కుగా ఇచ్చే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్ళు బీహార్ జైల్లో ఉండిపోయిన రుదుల్ సా కేసులో 1983లో సుప్రీంకోర్టు 30,000 రూపాయలు ఇప్పించింది. దారి అక్కడ పడింది, కానీ అది కోర్టు మెట్లెక్కగలిగినవాళ్ళకే. కారణం లేకుండా అరెస్టు చేయించినవాళ్ళ నుంచి మేజిస్ట్రేటు ఇప్పించగలిగే పరిహారం గరిష్ఠంగా 1,000 రూపాయలు. 2024 జూలైలో కొత్త నాగరిక్ సురక్షా సంహిత వచ్చినా ఆ అంకె మారలేదు.

2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో ప్రత్యేక కోర్టులు పెట్టమంది. డబ్బుతోపాటు కౌన్సెలింగ్, ఉపాధి శిక్షణ కూడా ఇవ్వమంది. మంచి సూచనలే, అమలు కావలసినవే. అయితే అందులో దరఖాస్తు చేసుకునే హక్కు నిర్దోషిది. అతను చనిపోతే వారసులది. అంటే కొడుకు బతికుండగా, ఆ కొడుకు కోసం తాకట్టు పెట్టిన కమ్మలనూ మానుకున్న కూలినీ తల్లి తన నష్టంగా అడగలేదు. చట్టం వచ్చేలోపే ఈ ఖాళీని మనం ఎత్తిచూపాలి.

ఆ పని సాహిత్యం చేయగలదు. 2021లో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయం కర్నూలులో తెరిచారు. అలాంటి గడప ముందు నిలబడే ఆడమనిషి తన నష్టం చెప్పుకోవాలంటే ఆ నష్టానికి ముందు భాషంటూ ఉండాలి. బోరు ఎండిన కథలో ప్రతి రూపాయికీ జమాఖర్చు రాసిన సీమ కలం, జైలు బయట గడిచిన ఏళ్ళకూ రాయాలి. ఎదురుచూసింది అని ఒక్క మాటలో తేల్చకుండా, ఆ ఏళ్ళలో ఆమె ఏమేం చేసిందో ఆమె నోటే చెప్పించి రాయాలి. పరిహారం అడగడం మొదలయ్యేది ఆ పట్టీతోనే.