రెండు హెక్టార్ల లెక్క

భూమి లేనివాడికి భూమి ఇస్తామనే ప్రభుత్వం ఎప్పుడూ మంచి ప్రభుత్వంగానే కనిపిస్తుంది. ఆ భూమి అంతకు ముందు ఎవరిది, ఇచ్చిన తరువాత దాని మీద అజమాయిషీ ఎవరిది అని అడిగినప్పుడే చిక్కంతా బయటపడుతుంది. ఈ రెండు ప్రశ్నలనూ చివరిదాకా వదలని పుస్తకం 'ప్లాంటేషన్ లైఫ్'. టొరంటో విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞురాలు టానియా మర్రే లీ, జావాలోని గజ మద విశ్వవిద్యాలయానికి చెందిన పూజో సెమెది కలిసి రాశారు. 2021లో వచ్చింది. ఇండోనేషియాలో పశ్చిమ కాలిమంతాన్ రాష్ట్రం, సముద్రానికి దూరంగా కాపువాస్ నది పొడవునా ఉన్న సంగావ్ జిల్లా ఇందులోని రంగస్థలం. అక్కడి రెండు పామాయిల్ తోటల మధ్య, 2010 మొదలు అయిదేళ్ళ కాలంలో, విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్ళి ఇంటింటా కూర్చుని విని రాసిన పుస్తకమిది.

పుస్తకంలోకి వెళ్ళేముందు కొంత పూర్వకథ చెప్పుకోవాలి. జావాలో మనుషులెక్కువ, నేల తక్కువ. పక్క ద్వీపాల్లో నేల ఎక్కువ, మనుషులు తక్కువ. కాబట్టి ఇక్కడివాళ్ళను అక్కడికి తరలిస్తే సరిపోతుందన్నది డచ్చివాళ్ళు వేసిన లెక్క. 1905లో మధ్య జావా నుండి 155 కుటుంబాలను దక్షిణ సుమత్రాలోని లాంపుంగ్ ప్రాంతానికి తీసుకువెళ్ళి దింపారు. స్వాతంత్ర్యం తరువాత 1950 నుండి కొత్త ప్రభుత్వం అదే పనిని 'ట్రాన్స్‌మిగ్రాసి' అన్న పేరుతో సాగించింది. సుహార్తో హయాంలో అది మహా ఉద్యమమైంది. 1976 నుండి ప్రపంచ బ్యాంకు కూడా అప్పులిచ్చింది.

కుటుంబానికి రెండు హెక్టార్లు, అంటే మన లెక్కలో అయిదెకరాలు. అందులో పావు హెక్టారు ఇల్లూ పెరడూ. మిగిలినదాంట్లో కొంత వెంటనే దున్నుకునే మెట్ట, కొంత ముందు ముందు సాగులోకి తెచ్చుకోవలసిన అడవి. ఒక చెక్క ఇల్లు, పనిముట్లు, మొదటి పంటల దాకా తిండి గింజలు ప్రభుత్వమే ఇస్తుంది. కాగితం మీద చూస్తే ఇంతకన్నా చక్కని పథకం ఉండదు. జావాలో సెంటు భూమి లేని కూలివాడికి అయిదెకరాలంటే మాటలా?

కాని నేల కాగితం మాట వినదు. జావా నేల అగ్నిపర్వతాల బూడిద పడ్డ సారవంతమైన నేల. సుమత్రా, కాలిమంతాన్ లోతట్టు మెట్టలు చాలాచోట్ల ఆమ్లగుణం ఉన్న ఎర్రటి, పచ్చటి నేలలు. వాటి సారమంతా పైనున్న అడవిలోనూ, పైపొరలోనూ ఉంటుంది. బుల్డోజర్లతో అడవిని తోసినప్పుడు ఆ పైపొర కూడా కొట్టుకుపోయింది. రెండు మూడు పంటలకే పట్టు తప్పిన పొలాన్ని అలంగ్-అలంగ్ అనే దర్భజాతి గడ్డి ఆక్రమించింది. దాన్ని పెరికినకొద్దీ వేరు నుండి మళ్ళీ లేస్తుంది. మిగిలిన గింజలకు అడవి పందులూ ఎలుకలూ కాచుకుని ఉన్నాయి. జావా తడి మడుల సేద్యంలో ఆరితేరిన రైతుకు ఈ నేల మీద ఆ విద్య అక్కరకు రాలేదు. రెండో ముక్క భూమిని సాగులోకి తెచ్చుకోలేకపోయిన కుటుంబాలు ఎన్నో. సొంత భూమికోసం సముద్రం దాటి వచ్చినవాడు అక్కడ కూడా కూలికే పోవలసి వచ్చింది.

1986 ప్రాంతంలో చమురు ధరలు పడిపోయి ఇండోనేషియా ఖజానా ఒట్టిపోయింది. అప్పుడు పథకం దారి మళ్ళింది. ఇక వలస రైతులను వరి, కసావా పండించమని వదిలేయకుండా తోటల కంపెనీలకు జతచేశారు. నడుమ కంపెనీ సొంత తోటా, నూనె మిల్లూ. దాన్ని 'ఇంతి' అన్నారు, అంటే కేంద్రం. చుట్టూ రెండేసి హెక్టార్ల రైతులు. వారికి 'ప్లాస్మా' అని పేరు. జీవకణంలో కేంద్రకం చుట్టూ ద్రవం ఉన్నట్టు కంపెనీ చుట్టూ రైతు ఉండాలని ఊహ. ఈ ఉపమానంలో ఎవరు ముఖ్యులో, ఎవరు చుట్టూ తిరగాలో పేరు పెట్టినప్పుడే తేలిపోయింది.

బ్యాంకులో పంట రుణాల కాగితాలతో జీవితం గడిపిన నాబోటివాడికి ఇక్కడే చెవులు నిక్కపొడుచుకుంటాయి. ప్లాస్మా రైతు తోట అప్పుతో వేసిన తోట. మొక్క నాటిన మూడు నాలుగేళ్ళకు గానీ గెల కోతకు రాదు. అప్పటిదాకా దున్నకం, మొక్కలు, ఎరువు, రోడ్డు ఖర్చంతా రైతు పేర ఖాతాలో పడుతుంది. పట్టా బ్యాంకు బీరువాలో ఉంటుంది. గెలలు అమ్మిన సొమ్ములో సాధారణంగా 30 శాతం వాయిదా కింద పట్టుకుని మిగిలింది చేతికిస్తారు. అప్పు తీరడానికి పన్నెండేళ్ళు పట్టిందనుకోండి. తోట ఆయుష్షు పాతికేళ్ళు. మిగిలిన పదమూడేళ్ళలో చివరి భాగం దిగుబడి తగ్గే కాలం. తరువాత చెట్లు కొట్టి మళ్ళీ నాటాలి, మళ్ళీ అప్పు. పట్టా ఇంటికి వచ్చిన సంబరం తీరకముందే అది మళ్ళీ బీరువాకు బయలుదేరుతుంది.

ఇంకో సంగతి. పామాయిల్ గెల కోసిన ఇరవైనాలుగు గంటల్లో మిల్లు చేరాలి. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగి ధర పడిపోతుంది. వడ్లయితే ధర లేనప్పుడు గాదెలో పోసుకోవచ్చు. గెలను దాచుకోవడానికి గాదె లేదు. మిల్లు ఒకటే, రోడ్డు ఒకటే, తూకం కాటా వాళ్ళది. వర్షానికి రోడ్డు తెగితే పండిన పంట పండినట్టే కుళ్ళిపోతుంది. రైతు స్వతంత్రుడని పట్టాలో రాసి ఉన్నా కాటా దగ్గర అతని స్వాతంత్ర్యం ముగిసిపోతుంది.

లీ, సెమెది ఈ పరిస్థితికి 'ఆక్రమణ' అని పేరు పెట్టారు. సైన్యం ఒక దేశాన్ని ఆక్రమిస్తే ఎలా ఉంటుందో, కంపెనీ ఒక ప్రాంతంలో దిగినప్పుడు అలాగే ఉంటుందని వాళ్ళ వాదం. భూమి, నీరు, దారి, ఉపాధి, చివరకు గ్రామాధికారి కూడా దాని అధీనంలోకి వెళ్ళిపోతాయి. పుస్తకంలో ఒక తోట ప్రభుత్వ సంస్థది, మరొకటి ప్రైవేటు కంపెనీది. అసలు పేర్లు దాచి 'నాట్కో', 'ప్రైవా' అన్నారు. ప్రభుత్వానిదైతే దయగా ఉంటుందని, ప్రైవేటైతే సమర్థంగా ఉంటుందని మనకు రెండు నమ్మకాలున్నాయి. రెండూ ఇందులో నిలబడవు. మేనేజరు నుండి మేస్త్రీ దాకా, సహకార సంఘం పెద్ద నుండి లారీ డ్రైవరు దాకా ఎవరికి అందినంత వారు గిల్లుకునే ఏర్పాటును అక్కడి జనమే 'మాఫియా' అంటారు. అది కొందరు చెడ్డవాళ్ళ పని కాదని, తోట నిర్మాణంలోనే ఉన్న గుణమని రచయితలు ఓపికగా చూపించారు. ఈ భాగం పుస్తకానికి వెన్నెముక. లెక్కలు పైనుండి కిందికి కనిపించి, కిందినుండి పైకి కనిపించని చోట దొంగతనం జరగకపోతేనే ఆశ్చర్యపడాలి. రైతు తన ఖాతా నకలు అడిగి తీసుకోగలిగిన చోట ఇందులో సగం ఆగిపోతుందని నా అనుభవం.

స్థానికుల సంగతి మరీ జాగ్రత్తగా చదవాలి. దయాక్, మలయ్ రైతులకు అది ఖాళీ భూమి కాదు. పోడు వరి, పండ్ల చెట్లు, రబ్బరు తోటలు కలిసిన సేద్యం వాళ్ళది. బియ్యానికి పోడు, రొక్కానికి రబ్బరు. రబ్బరు చెట్టు వాళ్ళకు సేవింగ్స్ ఖాతా వంటిది. పెళ్ళి వచ్చినా, ధర పెరిగినా గాటు పెట్టి పాలు తీస్తారు. అవసరం లేనప్పుడు చెట్టును వదిలేస్తారు, చెట్టు ఎక్కడికీ పోదు. అలాంటి ఖాతాను మూయించి, వాయిదాల ఖాతా తెరిపించారు. 1960 నాటి ఇండోనేషియా భూచట్టం ఆచార హక్కులను గుర్తించింది గానీ, జాతి ప్రయోజనానికి అడ్డురానంత వరకే అని మెలిక పెట్టింది. కంపెనీకి దీర్ఘకాలపు కౌలు హక్కు ఇవ్వడమే జాతి ప్రయోజనమైనప్పుడు తాతలు నాటిన చెట్టు సాక్ష్యం చెల్లలేదు.

ఇంతవరకు రచయితలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా 'ఆక్రమణ' అన్న ఆ ఒక్క మాట దగ్గరే. కంపెనీకి అది చక్కగా అతుకుతుంది. స్థానికుడి నష్టాన్నీ చక్కగా చెబుతుంది. మరి జావా నుండి వచ్చిన వలసరైతును ఏ పక్కన కూర్చోబెట్టాలి? స్థానికుడి కళ్ళకు అతను ఆక్రమించినవాడు. కంపెనీ కాటా దగ్గర అతనే ఆక్రమణకు లోనైనవాడు. ఈ రెండు ముఖాలూ ఒకే మనిషివి. పుస్తకం అతని కష్టాన్ని చెబుతుంది, కాని ఆ రెండు ముఖాలూ ఒకదాన్నొకటి చూసుకునే ఘడియ దగ్గర నాకు కావలసినంత సేపు ఆగలేదు. పొరుగువాడి తాతగారి రబ్బరు చెట్టు మొదలు మీద తన ఇల్లు లేచిందని తెలిసిన మనిషి ఆ పొరుగువాడి ఇంటికి పేరంటానికి ఎలా వెళతాడు? పిల్లలు ఏ భాషలో ఆడుకుంటారు? ఇంట్లో జావా భాష ఎన్ని తరాలు నిలుస్తుంది? కంపెనీ మీద ఉన్న న్యాయమైన కోపం వల్ల ఈ ప్రశ్నలు అంచుకు జరిగాయనిపించింది.

లీ ఇంతకు ముందు, 2014లో తెచ్చిన 'ల్యాండ్స్ ఎండ్' పక్కన పెట్టి చదివితే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. మధ్య సులవేసి కొండల్లోని లావుజే ప్రజల మధ్యకు ఆమె 1990 నుండి ఇరవై ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళి రాసిన పుస్తకమది. అక్కడ కంపెనీ లేదు, వలస పథకం లేదు. కోకో మొక్క నాటిన చోటు నాటినవాడి సొంతమైంది. ఉమ్మడి నేల ముక్కలైంది. బాకీ పడ్డవాడు అమ్ముకున్నాడు, తోబుట్టువే కొన్నాడు. అమ్మి కొనే భూమికి వాళ్ళ భాషలో మాట లేక 'లొకాసి' అన్న కొత్త మాటను వాడుకలోకి తెచ్చుకున్నారు. మన ఊళ్ళ పక్క పొలాలు చూస్తూ చూస్తూ 'సైటు' లయిపోలేదా? ఒక్క మాట మారడంలో ఎంత భూమి చేతులు మారుతుందో ఆ పుస్తకం చెప్పినంత బాగా నేనింకెక్కడా చదవలేదు. అందులో దొంగ ఎవరూ లేరు, అందుకే అది ఎక్కువ బాధిస్తుంది. 'ప్లాంటేషన్ లైఫ్'లో దొంగ స్పష్టంగా ఉన్నాడు. అది ఆ పుస్తకానికి బలం, కొంత పరిమితి కూడా.

మన పాఠకులకు ఈ గొడవ పరాయిది కాదు. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు ప్రాంతాలకు తరలివచ్చి ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళను నేటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. వాళ్ళను ప్రభుత్వం ఓడెక్కించి తేలేదు. అక్కడ అమ్ముకుని, ఇక్కడ కొనుక్కున్నారు. కాబట్టి ఇది అదీ ఒకటని అనను. కాని మూడు తరాలు గడిచినా ఊరికి 'క్యాంపు' అన్న పేరు పోకపోవడంలో ఒక అర్థముంది. వచ్చినవాడు వచ్చినవాడేనన్న గుర్తు నేల మీద కన్నా మాటలో ఎక్కువకాలం నిలుస్తుంది.

పామాయిల్ విషయంలో మాత్రం మనకొక ఊరట ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఈ తోటలు వేసినవాళ్ళు సొంత పొలంలో వేసుకున్నారు. 1993 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం ఏ మండలం గెలలు ఏ మిల్లుకు వెళ్ళాలో నిర్ణయమై ఉంటుంది. కాబట్టి కాటా దగ్గరి బెంగ మన రైతుకూ తెలుసు. అయితే భూమి అతని చేతిలో ఉంది. నచ్చకపోతే చెట్లు కొట్టేసి మరో పంట వేసుకోగలడు. ఆ అవకాశం ఎంత విలువైనదో సంగావ్ రైతును చూస్తే తెలుస్తుంది. కంపెనీ తోటలు లేకుండానే చిన్న రైతులు ఈ పంట పండించగలరని లీ, సెమెది అంటారు. దానికి మన గోదావరి జిల్లాలు మంచి సాక్ష్యం.

చివరి లెక్క పిల్లలది. అయిదెకరాల కుటుంబంలో నలుగురు పిల్లలుంటే తలకు ఎకరంపావు. చుట్టూ కంపెనీ భూమి, కొనడానికి ఒక్క సెంటు కూడా దొరకదు. తండ్రికి భూమి ఇచ్చిన పథకం కొడుకును భూమిలేనివాడిగా తిరిగి తయారుచేసింది. దీన్ని లీ తరాల మీదుగా జరిగే నిర్వాసితత్వమని వేరేచోట వివరించారు. జావాలో బయలుదేరిన సమస్య ఒక తరం ఆలస్యంగా కాలిమంతాన్ చేరింది, అంతే. 2024లో ఇండోనేషియా కొత్త ప్రభుత్వం ఈ వలసల కోసం మళ్ళీ ప్రత్యేక మంత్రిత్వశాఖను ఏర్పాటు చేసింది. ఆ శాఖలో ఫైళ్ళు కదిపేవాళ్ళు ముందుగా చదవవలసిన పుస్తకమిది. ఒక కుటుంబానికి ఎన్ని హెక్టార్లని అడగడం తేలిక. ఎవరి హెక్టార్లు, ఎన్ని తరాలకు, కాటా ఎవరి చేతిలో అన్నవి కూడా దరఖాస్తు ఫారంలో గడులుగా ఉండి తీరాలి. ఆ మూడు గడులూ ఖాళీగా వదిలేసిన ఫారం మీద ఏ బ్యాంకు అధికారి అయినా సంతకం పెట్టకూడదు.