లెక్కల నిలువుల్లో ధ్వని

చదవడం తెలిసిన కంటికి పట్టికలోనూ రసం దొరుకుతుంది. యూనిక్స్ యంత్రంలో ‘ఎస్ఏ’ అని కొట్టి ఎంటర్ నొక్కండి. గీతల్లేవు, రంగుల్లేవు, కనీసం తలకట్టు కూడా లేదు. మొదటి లెక్క తప్ప ప్రతి అంకె తన గుర్తును తోకలా తగిలించుకుని దిగుతుంది: ఒక్కో కమాండ్ ఎన్నిసార్లు నడిచింది, గడియారం ప్రకారం ఎన్ని నిమిషాలు పట్టింది (ఆర్‌ఈ), ప్రాసెసర్ నిజంగా ఎంతసేపు పనిచేసింది (సీపీ), చివర కమాండ్ పేరు. ఎంత పొదుపు, ఎంత నిగ్రహం! 1979 నాటి ఏడో యూనిక్స్‌లోనే ఈ కమాండ్ ఉంది. యంత్రకాలం బంగారంలా ఖరీదైన రోజుల్లో, ఎవరెంత వాడారో తేల్చడానికి పుట్టిన చిట్టా ఇది. కాలం చౌకైపోయింది, అందం మాత్రం మిగిలింది.

దీని మూలంలోనే ఒక గాంభీర్యం ఉంది. ప్రాసెస్ బతికున్నంతసేపు కెర్నెల్ దాని గురించి లెక్కల ఫైలులో ఒక్క ముక్కా రాయదు. అది ముగిసిన క్షణాన, నేటి లినక్స్‌లో కేవలం 64 బైట్లలో, పేరూ కాలమూ రాసి చేయి దులుపుకుంటుంది. ఏ ఫైలు తెరిచారు, ఏం టైపు చేశారు, ఆ ఊసే లేదు. అలాంటి వేల ముగింపులను ఎస్ఏ ఒడిసిపట్టి, పేరు పేరునా కూడి, గుప్పెడు వరుసల్లో మన ముందు పరుస్తుంది.

ఆ వరుసలను ఎలా చదవాలో చూడటానికి బాసర వెళ్దాం, గోదావరి గట్టున ఉంది కదా. సరస్వతమ్మ సన్నిధిలో పసివాళ్ల వేలు పట్టి అక్షరాలు దిద్దించే ఆ ఊళ్లోనే 2008లో ట్రిపుల్ ఐటీ వెలిసింది. పదో తరగతి గట్టెక్కిన పల్లె పిల్లలు ఆరేళ్ల చదువుకు అక్కడ చేరతారు. అలాంటి పిల్లలు సీ భాష దిద్దుకునే ఏదైనా ల్యాబును ఊహించుకోండి. ఒకే లినక్స్ సర్వరు, దాని మీద అందరూ. సాయంత్రం ఎస్ఏ కొడితే ఏం కనిపిస్తుందో చూద్దాం.

సీ కంపైలర్ జీసీసీని పిలిస్తే అది ముందు అనువదించే సీసీ1ను, ఆపైన అసెంబ్లర్ ఏఎస్‌ను, చివరికి లింకర్ ఎల్‌డీని పిలుస్తుంది. సెమీకోలన్ ఒకటి జారిపోతే కథ సీసీ1 దగ్గరే ఆగిపోతుంది. ఏఎస్ గడప తొక్కదు. పట్టికలో సీసీ1 నాలుగు వందలు, ఏఎస్ మూడు వందలు ఉన్నాయనుకుందాం. ఆ నడుమ ఖాళీలో ఏముంది? నూరుసార్లు తడబడిన వేళ్లు, నూరుసార్లు ముడిపడిన కనుబొమలు! ఎవరు తప్పారో చెప్పదు, ఎక్కడ తప్పారో చెప్పదు. ఒక తరగతి తరగతంతా పట్టుదలగా నేర్చుకుంటున్న చప్పుడు మాత్రం రెండంకెల మధ్య వినిపిస్తుంది.

ఇక ఎడిటర్ వీఐ వరుస. నాకు ప్రాణం అదే. ఆర్‌ఈ వందల నిమిషాలు. సీపీ నిమిషం కూడా నిండదు. యంత్రం ఏ పనీ లేక ఎదురుచూసిన ఆ కాలమంతా మనిషి ఆలోచించిన కాలం! గోళ్లు కొరికిన కాలం, పక్కవాడి తెర వైపు తొంగిచూసిన కాలం, తట్టగానే టకటకలాడించబోయే ముందు ఊపిరి బిగబట్టిన కాలం. వాచ్యంగా ఒక్క మాట లేదు, అంతా ధ్వనే. ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆనందవర్ధనుడు ఈ వరుస చూసుంటే తలూపేవాడని నా నమ్మకం. పిల్లలు కంపైల్ చేసి నడిపిన ప్రోగ్రాం ఏ.అవుట్ వరుసలో సీపీ ఆర్‌ఈని నీడలా వెన్నంటి ఉంటే, ఎవరి లూపో అంతు లేకుండా తిరిగిందన్న అనుమానం వస్తుంది. అదీ ఒక రసమే.

పేరు చివర నక్షత్రం గుర్తు (*) పెట్టుకున్న వరుసలు కొన్ని ఉంటాయి. అవి తల్లి పేరుతోనే పుట్టి, మరో ప్రోగ్రాంగా మారకుండానే ముగిసిన పిల్ల ప్రాసెస్‌లు. ఒకే ఒక్కసారి నడిచిన కమాండ్లన్నీ మూడు నక్షత్రాల ‘అదర్’ గూటికి చేరతాయి. నాకు ఆ గూడు నచ్చదు. ఏదో కొత్త కమాండ్‌ను భయంభయంగా తొలిసారి ప్రయత్నించిన పిల్లవాడి సాహసం దాని కిందే కదా దాక్కుంది! అందుకే ‘మైనస్ ఏ’ జోడించి చదువుతాను. అప్పుడు ఒక్కొక్క పేరూ విడివిడిగా బయటికొస్తుంది.

మీ యంత్రంలోనూ ఈ లెక్కలు రాయించే యాక్ట్‌ఆన్ కమాండ్ వేసి, కొన్నాళ్లు దాని మానాన వదిలేసి, ఆనక ఎస్ఏ కొట్టండి. సీపీ ఎక్కువున్నవి పైకెక్కి కూర్చుంటాయి, వాటిని కాసేపు పక్కన పెట్టండి. మీరు రోజూ రాసుకునే ఎడిటర్ పేరు ఎక్కడుందో వెతికి, ముందు ఆ వరుస చదవండి.