ఫార్ములాకు ముందు జాబితా

ప్రస్తారాలు, సంయోగాల లెక్క ఎదురైతే డిగ్రీ విద్యార్థి ముందు ఫార్ములా కోసమే వెతుకుతాడు. ప్రశ్నలో ‘అమర్చు’ అని ఉంటే ఎన్‌పీఆర్, ‘ఎంచు’ అని ఉంటే ఎన్‌సీఆర్. ఎంట్రెన్స్ పరీక్షల సాధనతో బలపడిన ఈ అలవాటు తెలిసిన ప్రశ్నలకు పనికొస్తుంది. షరతు కాస్త మారితే దారి తప్పిస్తుంది.

ఐదుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిల నుంచి ముగ్గురితో కమిటీ వేయాలి. కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ముందు ఒక అమ్మాయిని ఎంచుకుంటే షరతు తీరిపోయిందనుకుంటారు. దానికి 4 మార్గాలు. మిగిలిన ఎనిమిది మందిలో ఎవరైనా ఇద్దరికి 28. గుణిస్తే 112. వాదన నున్నగా సాగిపోతుంది, అదే ప్రమాదం. అసలు ఏ షరతూ లేకుండా తొమ్మిది మందిలో ముగ్గురిని ఎంచే మార్గాలే 84. షరతు పెట్టాక అంతకు మించడం అసాధ్యం.

లత, రమ, రవి ఉన్న కమిటీని తీసుకుంటే, లతను ముందు ఎంచినప్పుడు ఒకసారి, రమను ముందు ఎంచినప్పుడు మరోసారి అది లెక్కలోకి వచ్చింది. ఒకే అమ్మాయి ఉన్న 40 కమిటీలు ఒక్కోసారే వచ్చాయి. ఇద్దరున్న 30 రెండేసి సార్లు, అందరూ అమ్మాయిలైన 4 మూడేసి సార్లు వచ్చాయి. 40, 60, 12 కలిస్తే 112. సరైన జవాబు 74. మొత్తం 84లో అబ్బాయిలే ఉన్న 10 తీసేసినా అదే వస్తుంది.

అమెరికా గణిత విద్యా పరిశోధకురాలు ఎలీజ్ లాక్‌వుడ్ 2013లో ప్రచురించిన నమూనా ఈ పొరపాటు ఎక్కడ పుడుతుందో చూపిస్తుంది. అందులో మూడు అంశాలున్నాయి: కాగితంపై రాసే సూత్రం, లెక్కపెట్టే పద్ధతి, లెక్కకు రావలసిన ఫలితాల సమితి. 112 రాసిన విద్యార్థి గుణకారం అతని పద్ధతికి చక్కగా సరిపోతుంది. ఆ పద్ధతి ఒక్కో కమిటీని ఎన్నిసార్లు తెస్తోందన్నదే అతను చూడలేదు. సమితి వైపు చూపు మళ్లించడం బోధనలో అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా తక్కువగా జరిగేదీ అదే.

సమీకరణం మూలాన్ని తిరిగి ప్రతిక్షేపించి సరిచూసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు కాబట్టి సంఖ్యలు తగ్గించి జాబితా రాయడమే గట్టి పరీక్ష. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిల నుంచి కనీసం ఒక అమ్మాయి ఉండేలా ఇద్దరిని ఎంచాలంటే పై పద్ధతి 6 ఇస్తుంది. పేర్లు రాసి చూస్తే 5 జంటలే. లత–రమ జంట రెండుసార్లు కనిపిస్తుంది. పెద్ద లెక్కలో మొత్తం రాయనక్కర్లేదు. ఒక వరుస పెట్టుకుని మొదటి కొన్ని రాస్తే చాలు, ఏది మళ్లీ వస్తోందో తెలుస్తుంది.