టైమింగ్ పెట్టే చెవి

విజయవాడ ఆటోనగర్‌లో పాతకాలపు మేస్త్రి దగ్గరికి పెట్రోలు అంబాసిడర్ తీసుకెళ్తే, ఆయన వెంటనే స్పానర్ అందుకోడు. "ఏదీ, ఒకసారి రేస్ చెయ్యండి" అంటాడు. ఇంజిన్ పలికే తీరును బట్టి టైమింగ్ ముందుకుందో వెనక్కుందో పోల్చుకుంటాడు. డిస్ట్రిబ్యూటర్ బోల్టు కాస్త వదులు చేసి, దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి, శబ్దం కుదురుకున్న చోట బిగించేస్తాడు. ఇప్పుడు ఆ పనికి ప్రోగ్రామబుల్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో అంకెలు వేస్తే స్పార్క్ ఆ లెక్క ప్రకారం పడుతుంది. ఇక ఆ చెవితో పనేముంది అనుకుంటారు కానీ, ఆ అంకెలు ఎంత వెయ్యాలో తేల్చేది ఇప్పటికీ ఆ పనితనమే.

1950ల చివర్లో ఉత్తర్‌పారాలో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ చాలా ఏళ్లు దాని గుండె. డీజిల్ అంబాసిడర్లకు స్పార్కే లేదు కాబట్టి ఈ గొడవ లేదు. ఇంట్లో అపురూపంగా దాచుకున్న పెట్రోలు అంబాసిడర్లకూ, ప్రీమియర్ పద్మినిలకూ మాత్రం ఇది తప్పదు.

టైమింగ్ అంటే ఏమిటో ముందు చూద్దాం. స్పార్క్ పడగానే పెట్రోలు ఒక్కసారిగా మండిపోదు. సిలిండర్‌లో ఒత్తిడి పూర్తిగా పెరగడానికి సుమారు 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఇంజిన్ 800 ఆర్‌పీఎంలో ఉంటే ఆ వ్యవధిలో క్రాంక్ 10 డిగ్రీల లోపే తిరుగుతుంది. 3000 దగ్గర 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ పిస్టన్ పైకి చేరడానికి ఇంకా ఇంకా ముందే స్పార్క్ ఇవ్వాలి. పాత డిస్ట్రిబ్యూటర్‌లో ఈ పని రెండు బరువులు, రెండు స్ప్రింగులు చేస్తాయి. షాఫ్ట్ వేగంగా తిరిగితే బరువులు విచ్చుకుని స్పార్క్‌ను ముందుకు నెడతాయి. లోడు తక్కువున్నప్పుడు వాక్యూమ్ డబ్బా మరికొంత ముందుకు లాగుతుంది. కెట్టరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు 1910 ప్రాంతంలో తెచ్చిన పాయింట్లు, కాయిల్ పద్ధతే (పాయింట్లు విడిపోయినప్పుడు స్పార్క్ పడటం) ఈ డిస్ట్రిబ్యూటర్‌కు మూలం.

మేస్త్రి ఈ పని చేసే వరస చూడదగ్గది. హ్యాండిల్ వేసి ఇంజిన్ తిప్పి, పాయింట్లు పూర్తిగా విచ్చుకున్న చోట ఆపుతాడు. ఫీలర్ గేజ్‌తో గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పెడతాడు. రేకు బిగుతుగానూ వదులుగానూ కాకుండా, వేళ్లకు చిన్న పట్టు తెలిసేలా జారాలి. తర్వాత ఇంజిన్‌ను టైమింగ్ గుర్తు దగ్గరికి తిప్పి, ఒక చిన్న బల్బు తీసుకుని ఒక వైరు కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైపున్న కొసకూ, ఇంకొకటి బాడీకీ తగిలిస్తాడు. ఇగ్నిషన్ ఆన్ చేసి డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పుతుంటే, పాయింట్లు విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. స్పార్క్ పడేది అక్కడే. మిగతాది రోడ్డు మీద. టాప్ గేర్‌లో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కితే, ఇంజిన్‌లో టిక్కుటిక్కుమని రెండు మూడు చప్పుళ్లు వచ్చి ఆగిపోవాలి. ఆగకపోతే టైమింగ్ వెనక్కి జరపాలి, అసలు రాకపోతే ముందుకు జరపాలి.

ఇంత చక్కటి పద్ధతిని మార్చడం దేనికి? మొదటిది అరుగుదల. 3000 ఆర్‌పీఎంలో ఆ పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరుచుకుంటాయి. మడమ అరిగి గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ తనంతట తానే వెనక్కి పోతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగితే ఒక సిలిండర్‌కు ఒక రకంగా, ఇంకోదానికి ఇంకో రకంగా స్పార్క్ పడుతుంది. రెండోది పెట్రోలు. ఆ స్ప్రింగులను లెక్కగట్టింది తక్కువ ఆక్టేన్ సీసం పెట్రోలుకు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. పాత తక్కువ కంప్రెషన్ ఇంజిన్‌లో ఈ పెట్రోలు అంత తేలిగ్గా నాకింగ్, అంటే ఆ టిక్కుటిక్కు చప్పుడు, ఇవ్వదు. అంటే టిక్కుటిక్కు వినిపించేదాకా ముందుకు జరిపితే, సరైన చోటును ఎప్పుడో దాటిపోతాం. చప్పుడు లేకుండానే ఇంజిన్ వేడెక్కుతుంది, లాగుడు తగ్గుతుంది, సెల్ఫ్ కొడితే రివర్స్ తంతుంది.

కొత్త ఇగ్నిషన్ బిగించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పాత డిస్ట్రిబ్యూటర్ తీసి అదే రంధ్రంలో కూర్చునే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్. నెదర్లాండ్స్‌లో తయారయ్యే 123 రకం ఇలాంటిదే. రెండోది, క్రాంక్ పుల్లీకి 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం, పక్కన సెన్సర్, విడిగా కంట్రోల్ పెట్టె. ఫోర్డ్ కార్ల ఇగ్నిషన్ భాగాల మీద ఆధారపడిన మెగాజోల్ట్ ఈ కోవలోది. రెండోదానిలో కచ్చితత్వం ఎక్కువ, లేత్ పనీ ఎక్కువే. ఆటోనగర్ ఊళ్లోనే ఉన్నవాళ్లకు అదేమంత అడ్డంకి కాదు.

బిగించే ముందు ఇంజిన్ ఆరోగ్యం చూడాలి. కంప్రెషన్, ట్యాపెట్లు, కార్బురేటర్ సరిగా లేకుండా పెట్టె పెడితే తప్పంతా దాని మీదికే పోతుంది. బ్యాటరీ ఎర్త్ పాజిటివా, నెగటివా చూసుకోవాలి. పాత బ్రిటిష్ వరస బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది, తిరగేసి కలిపితే పెట్టె అక్కడికక్కడే కాలిపోతుంది. రాగి ప్లగ్ వైర్ల బదులు రెసిస్టెన్స్ ఉన్నవి వెయ్యాలి, లేకపోతే వాటి అలజడికి సెన్సర్ తికమక పడుతుంది. లోడు తెలియాలంటే వాక్యూమ్ పైపును కార్బురేటర్ నుంచి కాక ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి తీసుకోవాలి. మన ఎండలకు పెట్టె ఎగ్జాస్ట్ దగ్గర ఉండకూడదు. బందరు వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి ఉంటుంది కనుక ప్రతి కనెక్టరుకూ గ్రీజు, రబ్బరు తొడుగు తప్పవు.

తర్వాత మ్యాప్. అడ్డంగా ఆర్‌పీఎం, నిలువుగా లోడు, ఒక్కో గడిలో ఒక్కో డిగ్రీ. పెట్టెను 10 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచి, టైమింగ్ లైట్‌తో పుల్లీ మీద కూడా అదే పడుతోందా అని మొదట చూడాలి. ఆ రెండూ కలవకుండా వేసిన అంకెలన్నీ గాలిలో లెక్కలే. ఐడ్లింగ్‌లో 10, ఫుల్ లోడులో 3000 దగ్గర 30 లోపు, నిదానంగా పోయేటప్పుడు అదనంగా 10 దాకా ఇచ్చి మొదలుపెట్టవచ్చు. ఇవి ఆరంభానికే, ప్రతి ఇంజిన్‌కూ సరిపోయే లెక్కలు కావు. ఈ20లో ఆక్సిజన్ ఉన్నందున మిశ్రమం పలచబడుతుంది. పలచటి మిశ్రమం నిదానంగా మండుతుంది. కాబట్టి ముందు కార్బురేటర్ జెట్టు సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే మ్యాప్ ముట్టుకోవాలి.

డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. బందరు రోడ్డు, అవనిగడ్డ కరకట్ట అన్నీ చదునే. అక్కడ ఇంజిన్ మీద లోడే పడదు, లోపం బయటపడదు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కించాలి, వీలైతే నలుగురిని కూర్చోబెట్టి కొండపల్లి కోట ఘాట్ ఎక్కించాలి. ఖాళీగా ఉన్న ఒకే రోడ్డు ముక్కలో టాప్ గేర్‌లో 40 నుంచి 70కి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కవారు రాసుకోవాలి. రెండు డిగ్రీలు పెంచాలి, మళ్లీ చూడాలి. సెకన్లు తగ్గడం ఆగిపోయిన చోట ఒక అడుగు వెనక్కి రావాలి. మేస్త్రి చెవితో చేసిందీ ఇదే: ఒక్కటి మార్చడం, వినడం, కాస్త వెనక్కి తగ్గడం. నాకింగ్ చప్పుడు బదులు ఇప్పుడు స్టాప్‌వాచ్ సాక్ష్యం చెబుతోంది, అంతే తేడా.

50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021 నుంచి కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు పెట్టింది. కాబట్టి బండికి కొత్త రంధ్రం కొట్టకుండా, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి మార్చుకునేలా బిగించడం మంచిది. పాత డిస్ట్రిబ్యూటర్‌ను గ్యాప్ పెట్టి, గుర్తు గీసి డిక్కీలో ఉంచుకుంటే కైకలూరు దారిలో పెట్టె మొరాయించినా బండి ఇల్లు చేరుతుంది.

ఆటోనగర్ మేస్త్రి విద్య ఇన్నాళ్లూ కాగితం మీదికి ఎక్కలేదు. పక్కన నిలబడి విన్న కుర్రాడికే వచ్చేది, ఆ కుర్రాడు వేరే పనిలోకి పోతే అతనితోపాటే పోయేది. మ్యాప్‌లో వేసిన అంకె అలా పోదు. ఏ పెట్రోలుకు, ఏ కాలంలో, ఏ రోడ్డు మీద ఆ అంకె కుదిరిందో పక్కనే రాసుకుంటే ఇంకో బండికీ ఇంకో మనిషికీ పనికొస్తుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవారు ముందు బల్బుతో పాయింట్లు సెట్ చేయడం నేర్చుకుని, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ తెరవాలి. మొదటిది రానివాడికి రెండో దానిలో ఏ గడి మార్చాలో తెలియదు.