ఒక్క తీరు ఉండలు

నల్లపాడు చుట్టుపక్కల పిట్టలను తోలే ఒడిసెల కనబడకుండా పోవడానికి పంట మారడమే పెద్ద కారణం. పత్తిని పిట్ట ముట్టదు. మిర్చి చేలో చిలకలు వాలినా, జొన్నకంకుల మీద పడ్డట్టు దండుగా పడవు. జొన్న, సజ్జ ఉన్న రోజుల్లో కంకి పాలుపోసుకునే వేళకు, సంక్రాంతికి అటూ ఇటూగా, చేలో మంచె లేచేది. పొద్దు పొడవగానే ఓసారి, పొద్దు వాలేముందు ఓసారి పిచ్చుకలూ చిలకలూ దిగేవి. మంచె మీది మనిషి చేతిలో ఒడిసెల ఉండేది.

చూడబోతే అదేం పెద్ద పనిముట్టు కాదు. రెండు తాళ్లు, నడుమ రాయి పట్టే గూడు. ఒక తాడు కొసన ఉన్న ఉచ్చు వేలికి తగిలించుకుంటారు. రెండో కొసన ఉన్న ముడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగబడతారు. తల మీదుగా తిప్పి ముడి వదిలేస్తే రాయి వెళ్లిపోతుంది. చిక్కంతా ఆ వదలడంలోనే. మీటరు తాడు చివర రాయి సెకనుకు 30 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకోండి. ముడి సెకనులో నూరో వంతు ఆలస్యంగా వదిలినా దారి 17 డిగ్రీలు తప్పుతుంది. 50 మీటర్ల అవతలికి వెళ్లేసరికి రాయి 15 మీటర్లు పక్కన పడుతుంది.

అందుకే గురి బాగా కుదిరినవాడి చేతివాటాన్ని అందరూ మెచ్చుకుంటారు. నా లెక్కలో సగం మెప్పు ఆ చేతికి కాదు, ముందురోజు కూర్చుని, రాయికి బదులు మట్టి ఉండలు చేసిన చేతికి దక్కాలి. చెయ్యి ఒక బరువుకు అలవాటు పడుతుంది. ఆ బరువు మారితే తిప్పే వేగం మారుతుంది, వదిలే క్షణం మారుతుంది. ఏరుకొచ్చిన రాళ్లతో ఉన్న ఇబ్బంది ఇదే. నల్లరేగడి చేలో రాయి దొరకడమే అరుదు. పేరేచర్ల క్వారీల కంకర అంచులు తేలి ఉంటుంది, గాలిలో ఎటు పొర్లుతుందో చెప్పలేం. కృష్ణ ఒడ్డు గులకరాళ్లు నునుపే గానీ ఏ రెండూ ఒక్క బరువు ఉండవు. ఇక మిగిలేది మట్టి.

మట్టిలోనూ కన్ను మోసపోతుంది. 4 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఉండ పక్కన 4.4 సెంటీమీటర్లది పెడితే తేడా పట్టుకోవడం కష్టం. బరువు మాత్రం మూడో వంతు పెరుగుతుంది. ఎండిన మట్టి లెక్కన ఒకటి 60 గ్రాములుంటే ఇంకొకటి 80. కాబట్టి అరచేతి అంచనాను నమ్మకుండా, ఒకే చిన్న గిన్నెతో మట్టిని తలకొట్టి కొలిచి, ఆ తర్వాతే ఉండ చుట్టాలి. పచ్చిమట్టిని ఒకేసారి, ఒకే పదునుకు కలపాలి. నీళ్లు ఎక్కువైన ముద్ద ఆరాక తేలిపోతుంది.

రేగడికి ఇంకో గుణం ఉంది. తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుని పగులుతుంది. వేసవిలో మన చేలు నెర్రెలు విచ్చేది అందుకే. ఒట్టి రేగడితో చేసి ఎండలో పడేస్తే ఉండ కూడా అలాగే విచ్చుకుంటుంది. కాస్త ఇసుక కలిపి, నీడన నెమ్మదిగా ఆరబెడితే నిలుస్తుంది. ఆరాక త్రాసులో ఒక ఉండను ఒక తట్టలో ఉంచి, మిగతావాటిని ఒక్కొక్కటిగా రెండో తట్టలో పెట్టి చూడాలి. తూగనిదాన్ని తిరిగి నీళ్లలో వేయడమే. మట్టితో ఉన్న సుఖం అది.

ఇంత చాదస్తం ఎందుకంటే, తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి. ఉండలు నానారకాలుగా ఉంటే దెబ్బ పక్కకు పోయినప్పుడు చెయ్యి తప్పిందో ఉండ తప్పిందో ఎవరు చెప్పగలరు? ఉండలన్నీ ఒక్కటే అయితే నేరం చేతిదే, దిద్దుకోవచ్చు. పోటీలకు వెళ్లే రైఫిల్ షూటర్లు వేర్వేరు విడతల్లో తయారైన తూటాలను పరీక్షించి, తమ తుపాకీకి సరిపడిన ఒకే విడతవి ఎంచుకుంటారు. అక్కడా జరిగేది ఇదే.

ఇది పాత తెలివే. 1950లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ మొహెంజొదారోలో తవ్వినప్పుడు కోటగోడ మీద వందకు దగ్గరగా కాల్చిన మట్టి గుండ్లు బయటపడ్డాయి. ఒక్కొక్కటి సుమారు 6 ఔన్సులు, అంటే 170 గ్రాములు. మధ్యధరా సముద్రంలోని బలియారిక్ దీవుల యోధులైతే దూరాన్ని బట్టి మార్చుకోవడానికి మూడు పొడవుల ఒడిసెలలు వెంట ఉంచుకునేవారని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. మన దగ్గర 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో పల్లె ఆడవాళ్లు కారంపొడితో పాటు ఒడిసెల కూడా పట్టారు. పిట్టల కావలిలో నేర్చిన చేతులే అవి.

కావలివాడి గురి యోధుడి గురి లాంటిది కాదు. పిట్టను చంపాలని ఎవరికీ లేదు, దండు లేచిపోతే చాలు. ఉండ దండుకు కొంచెం అవతల పడాలి, కంకులు విరగ్గూడదు, పొరుగు చేలోకి పోగూడదు. మట్టి ఉండ నేలకు తగిలి చిట్లి, వానకు కరిగి చేలోనే కలిసిపోతుంది. రాయైతే పై ఏడు గుంటకకు అడ్డం తగులుతుంది.

ఇప్పుడు తెనాలి వైపు వరి కోసిన మళ్లలో దుక్కి లేకుండానే జొన్న వేస్తున్నారు. పిట్టలకు మెరుపు రిబ్బన్లు కడుతున్నారు, డబ్బాలు మోగిస్తున్నారు. ఎవరైనా ఒడిసెల పట్టాలనుకుంటే మాత్రం ముందు మంచె వేయండి. నేల మీద నిలబడి తిప్పితే తాడు కంకులకు చుట్టుకుంటుంది. ముడి ముందే జారితే ఉండ వెనక్కో పక్కకో పోతుంది. అక్కడ మనిషి ఉండకూడదు.