ఇద్దరికీ సగమే వచ్చిన భాష

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ దాకా మెట్రో లైనుకి అటూ ఇటూ ఏ సందులోకి తిరిగినా హాస్టల్ బోర్డే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చిన బస్సులు నగరంలో అడుగుపెట్టేది ఈ దారినే. గ్రూప్స్‌కి చదివేవాళ్లు, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లు, కంప్యూటర్ కోర్సుల వాళ్లు, నర్సింగ్ పూర్తిచేసి ప్రైవేటు ఆసుపత్రుల్లో డ్యూటీలు చేస్తున్నవాళ్లు ఒకే గదిలో మంచాలు వేసుకుని సర్దుకుంటారు. కొంతకాలంగా ఆ మేడల మీది నుంచి కొత్త మాటలు వినిపిస్తున్నాయి. నీళ్ల ట్యాంకు పక్కన, చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో నోటుబుక్కుతో నిలబడి ఓ అమ్మాయి "వాన్ ట్రెఫెన్ వీర్ ఉన్స్?" అంటుంది. మనం ఎప్పుడు కలుద్దాం అని జర్మన్‌లో అడుగుతోంది. అవతల ఉన్నది జర్మనీ మనిషి కాదు. కరీంనగర్‌లోనో, కొచ్చిలోనో, హనోయ్‌లోనో కూర్చుని అదే పాఠం చదువుతున్న మరో నర్సు.

చూసిన పెద్దవాళ్లకి సందేహం రావడం సహజం. వచ్చీరాని వాళ్లిద్దరూ మాట్లాడుకుంటే ఎవరికి ఏం ఒరుగుతుంది? ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకోవూ?

జర్మన్ భాషకి గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ1 స్థాయి పరీక్షలో మాట్లాడే భాగం ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ సందేహం సగం తీరుతుంది. ఆ భాగానికి అభ్యర్థులని మామూలుగా ఇద్దరిద్దరిగా పిలుస్తారు. సుమారు 15 నిమిషాల పరీక్ష. మొదట ఇద్దరూ కలిసి ఏదో ఒక పని ప్లాన్ చెయ్యాలి. ఆసుపత్రిలో ఉన్న స్నేహితుణ్ని చూడ్డానికి వెళ్దామనుకోండి, ఏ రోజు, ఎలా వెళ్లాలి, చేతిలో ఏం పట్టుకెళ్లాలి అన్నది ఇద్దరూ తేల్చుకోవాలి. తర్వాత ఒక్కొక్కరూ ఒక విషయం మీద మాట్లాడతారు. రెండోవాళ్లు విని, తమ మాట చెప్పి, ప్రశ్న వెయ్యాలి. 100కి 60 వస్తే ఆ భాగం గట్టెక్కినట్టే. పరీక్ష పెట్టేవాళ్లు చూసేవాటిలో నేర్చుకుంటున్న ఇద్దరు ఒకరినొకరు అర్థం చేసుకుంటున్నారా అన్నది కూడా ఒకటి. ఎదుటి మనిషి మాట అందక ఆగిపోతే అందించడం, అర్థం కాకపోతే మళ్లీ అడగడం అందులో భాగం. ఇవి పుస్తకం ముందు కూర్చుంటే వచ్చేవి కావు. రాపిడెక్స్ కొనుక్కుని అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు పలికిన తరానికి ఈ లోటు బాగా తెలుసు. అద్దం ఎదురు ప్రశ్న వెయ్యదు.

జపనీస్ దగ్గరికి వస్తే సంగతి తలకిందులు. 1984లో మొదలైన జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షకి 2010 నుంచి ఎన్5 మొదలు ఎన్1 వరకు అయిదు మెట్లున్నాయి. ఏ మెట్టులోనూ నోరు విప్పాల్సిన పని లేదు, ఇచ్చిన వాటిలోంచి సరైన జవాబు గుర్తిస్తే చాలు. 2019 ఏప్రిల్‌లో జపాన్ తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి చాలా రంగాల్లో భాష అర్హతగా ఎన్4 సరిపోతుంది. కాబట్టి ఒక్క మనిషితోనైనా జపనీస్‌లో మాట్లాడకుండానే ఆ కాగితం చేతికి రావచ్చు. అక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేరిన మొదటి రోజున మాత్రం, పళ్లు లేని నోటితో ఓ ముసలాయన అడిగిన దానికి జవాబు చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ ఉద్యోగాల కోసం నర్సులకి భాష నేర్పించి పంపుతోంది. క్లాసులో టీచరు ఒకరు, నేర్చుకునేవాళ్లు చాలామంది. గంట క్లాసులో ఒక్కొక్కరికి మాట్లాడే వంతు వచ్చేది కాసేపే. ఆ కొరత తీరేది రాత్రిపూట ఫోన్లలోనే.

తప్పులు అంటుకుంటాయన్న భయం సంగతి 1985లోనే పరిశీలించారు. భాషాబోధన పరిశోధకులు మైకేల్ లాంగ్, ప్యాట్రీషియా పోర్టర్ ఆ ఏడాది రాసిన వ్యాసంలో తేల్చిందేమిటంటే, నేర్చుకునేవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటే, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లతో మాట్లాడినప్పటికంటే ఎక్కువ తప్పులేమీ చెయ్యరు. పైగా ఎక్కువ మాట్లాడతారు. "అంటే?", "ఇదేనా నువ్వనేది?" అని ఎక్కువసార్లు ఆగి అడుగుతారు. భాష లోపలికి దిగేది అలా ఆగి తేల్చుకునే చోటే. అదే ఏడాది ఎవాంజలిన్ వరోనిస్, సూజన్ గ్యాస్ ఇంకో సంగతి గమనించారు. ఇద్దరి మాతృభాషలు వేరై, స్థాయిలు కూడా వేరైనప్పుడు ఈ ఆగి అడగడాలు బాగా ఎక్కువట.

ఎల్బీ నగర్ మేడల మీద మాట్లాడుకునేవాళ్లు ముఖ్యంగా పట్టించుకోవాల్సింది ఈ రెండో సంగతినే. తెలుగువాళ్లు తెలుగువాళ్లతోనే సాధన చేస్తే మాట మరీ సులువుగా అందిపోతుంది. జర్మన్‌లో కుక్కని "హుంట్" అనాలి, రాసేటప్పుడు చివర డి ఉన్నా నోట్లో అది ట్ అవుతుంది. మన నోరు దాన్ని "హుండు" అంటుంది. బస్సు, కారు, రోడ్డు అని అలవాటైన నాలుక మాట చివర అచ్చు లేకుండా ఊరుకోదు. అవతల వరంగల్ అమ్మాయి ఉంటే ఠక్కున అర్థం చేసుకుంటుంది. అదే వియత్నాం అమ్మాయి అయితే ఆగి "ఏంటీ?" అంటుంది. ఆ ప్రశ్న పడితేనే నాలుక దారికొస్తుంది. జర్మన్ సంస్థలు 2013 నుంచి నడుపుతున్న ట్రిపుల్ విన్ లాంటి కార్యక్రమాల వల్ల ట్యునీషియాలో, ఇండోనేసియాలో, ఫిలిప్పీన్స్‌లో, మన దేశంలోనే కేరళలో నర్సులు ఇదే బీ1, ఇదే బీ2 కోసం కుస్తీ పడుతున్నారు. గ్రూపులో అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురున్నా చాలు, సాధన నాణ్యతే మారిపోతుంది.

అలాగని తెలుగు తోడు వద్దని చెప్పడానికి లేదు. కొన్ని ముడులు తెలుగువాళ్లే విప్పగలరు. జర్మన్‌లో "వైల్", అంటే ఎందుకంటే, అని మొదలుపెడితే క్రియ వాక్యం చివరికి పోవాలి. "వైల్ ఇష్ క్రాంక్ బిన్." ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు "బిన్"ని ఇంగ్లీషు అలవాటులో మధ్యలో పెట్టేస్తారు. అప్పుడు ఒక మెట్టు పైనున్న అక్క "ఇంగ్లీషులో ఆలోచించకే, తెలుగులో చెప్పినట్టు చెప్పు, నాకు జ్వరంగా ఉంది అన్నప్పుడు ఉంది ఎక్కడొచ్చింది?" అంటుంది. అంతే, పట్టు దొరుకుతుంది. జపనీస్‌లో అయితే ఈ చుట్టరికం ఇంకా దగ్గర. క్రియ ఎప్పుడూ చివరే. "తబెతె మిమాసు" అన్న మాటల వరస అచ్చంగా మన "తిని చూస్తాను". ఇంగ్లీషులో రాసిన వ్యాకరణ పుస్తకం రెండు పేజీలు తీసుకునే చోట తెలుగు తోడు ఒక్క మాటలో దాటిస్తుంది.

మర్యాదల దగ్గరా ఇలాంటిదే. జర్మన్‌లో "జీ" అంటే మీరు, "డూ" అంటే నువ్వు. రోగిని మీరు అనాలని మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కష్టమంతా తోటి సిబ్బందితో. అక్కడి వార్డుల్లో వయసులో పెద్దవాళ్లనైనా తోటి ఉద్యోగులు పేరు పెట్టి డూ అని పిలుచుకోవడం మామూలు. సూర్యాపేట నుంచి వచ్చిన పిల్లకి సీనియర్‌ని నువ్వు అనడానికి నోరు రాదు. సాధనలో అక్కనే పేరు పెట్టి పదిసార్లు డూ అని పిలిస్తే ఆ బెరుకు ఇక్కడే వదులుతుంది. ఏ పాఠంలోనూ ఇంత సమయం దీనికివ్వరు.

రెండు మూడు భాషలు ఒకేసారి పట్టుకున్నవాళ్ల కష్టం వేరు. జర్మన్ మాట కోసం వెతుక్కుంటే జపనీస్ మాట నోటికొస్తుంది. చిత్రమేమిటంటే తెలుగు అడ్డం పడదు, కొత్తగా నేర్చిన రెండూ ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ఉద్యోగం ఏ దేశంలో దొరుకుతుందో తేలక రెండు పడవల్లో కాళ్లు పెట్టినవాళ్లు ఈ పేటలో తక్కువేం కాదు. దీనికి సాధన గ్రూపుల్లో పనికొచ్చే ఉపాయం భాషని మనిషికి ముడిపెట్టడం. జర్మన్ ఫలానా నేస్తంతోనే, జపనీస్ ఫలానా నేస్తంతోనే. రోజులు కూడా వేరు. ఆ గొంతు వినగానే ఆ భాష తలుపే తెరుచుకుంటుంది. ఒకే మనిషితో గంటలో రెండు భాషలు మాట్లాడాలని చూస్తే రెండూ కలగాపులగం అవుతాయి.

దిద్దడంలోనూ మెళకువ కావాలి. ప్రతి తప్పునీ అక్కడికక్కడే పట్టుకుంటే మనిషి నోరు మూసుకుంటుంది. మాట సాగనిచ్చి, తప్పుని చాట్‌లో రాసి, చివర్లో రెండో మూడో చూపించడం మేలు. అదీ తెలిసినవాళ్లయితేనే. తెలియనిది అలాగే రాసుకుని మర్నాడు టీచరుని అడగాలి. సాటివాళ్లతో మాట్లాడితే ధైర్యం, వేగం వస్తాయి, తీర్పు చెప్పే పని మాత్రం టీచరుకే వదలాలి.

ఇలా ఒకరితో ఒకరు మాట్లాడి నేర్చుకోవడం ఫోన్లతో పుట్టింది కాదు. 1963లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీలు కలిసి యువజన కార్యాలయం పెట్టుకున్నాక, ఆ దశకం చివర్లో రెండు దేశాల పిల్లలనీ జంటలుగా కూర్చోబెట్టి ఒకరి భాష ఇంకొకరికి నేర్పించారు. దానికి టాండెమ్ అని పేరు. 1990లలో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయం ఆ పద్ధతిని ఈమెయిల్ మీదికి తెచ్చింది. సగం సమయం నీ భాష, సగం నా భాష అన్నది అందులో ముఖ్యమైన నియమం. ఇంకా వెనక్కి వెళ్లనక్కర్లేకుండా కొత్తపేటలోనే ఒక ఉదాహరణ ఉంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడున్న రోజుల్లో నాగ్‌పూర్ కమలాలు, కశ్మీర్ ఆపిళ్లు లారీల్లో దిగేవి. బేరం తెలుగులో మొదలై హిందీలోకి, దక్కనీలోకి దొర్లేది. హమాలీలు, డ్రైవర్లు అందరూ అవతలివాళ్లకీ సగమే వచ్చిన భాషలో పని గడుపుకున్నారు. మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది.

ఆన్‌లైన్ సాధనకి చిన్న చిన్న ఆటంకాలు చాలా ఉన్నాయి. జూమ్‌ని ఉచితంగా వాడితే 40 నిమిషాలకి తెగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు చేరితే 60 నిమిషాలు. జర్మనీలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే వేసవిలో మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం అక్కడ గడియారాలు మారితే ఇక్కడ ఒకరోజైనా కాల్ తప్పుతుంది. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, కాబట్టి అటువాళ్లకి పొద్దుట తొమ్మిదైతే మనకి తెల్లవారి అయిదున్నర. ఆడపిల్లలకి అపరిచితుల సందేశాల బెడద ఉండనే ఉంది. అందుకే ఫోన్ నంబరు ఇవ్వకుండా, ఆడవాళ్లు మాత్రమే ఉండే గ్రూపుల్లో మొదలుపెట్టడం మంచిది.

వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది చోటు. దిల్‌సుఖ్‌నగర్‌లో నెలకింత అని తీసుకునే స్టడీ హాళ్లున్నాయి, ఏసీ ఉంది, వైఫై ఉంది, గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డూ ఉంది. గ్రూప్స్‌కి చదివేవాళ్లకి అది న్యాయమే. భాష నేర్చుకునేవాళ్ల చదువు మాత్రం శబ్దమే. గదిలో మాట్లాడితే నైట్ డ్యూటీకి వెళ్లాల్సిన పక్క మంచం అమ్మాయి నిద్ర చెడుతుంది, మెట్ల మీద మాట్లాడితే వార్డెన్ కేకేస్తుంది, డాబా మీద వాన. తార్నాకలో విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది, దోమలగూడ రామకృష్ణ మఠంలో 1979 నుంచి భాషలు నేర్పుతున్న వివేకానంద ఇన్‌స్టిట్యూట్ ఉంది, అవి పాఠాలు చెప్పే చోట్లు. పాఠం అయ్యాక నోరారా మాట్లాడుకోవడానికి ఈ పేటలోనే ఒక గది కావాలి. స్టడీ హాలు నడిపేవాళ్లు ఒక్కరు, తమ హాల్లో మూలగది ఒకటి రాత్రి తొమ్మిది నుంచి పది దాకా మాట్లాడేవాళ్లకి వదిలిపెడితే, తలుపు వేస్తే శబ్దం బయటికి రాకుండా చూస్తే, దానికీ నెలకింత అని ఇచ్చేవాళ్లు ఈ సందుల్లో కచ్చితంగా ఉన్నారు.